నలభై మంది ఉన్నా బోసిపోయిన జెట్టీ: ఒక ఆర్‌పీజీ కేస్ స్టడీ

నేపథ్యం

విశాఖపట్నంలో పనిచేసే, మేం సలహాలిచ్చిన ఒక చిన్న ఇండీ టీమ్ (పెద్ద కంపెనీ అండ లేకుండా ఆటలు చేసేవాళ్ళు) కేసు ఇది. ఆట పేరు, మనుషుల పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాం. ఆట పీసీలో ఆడే 2డి రోల్ ప్లేయింగ్ గేమ్. కథంతా ఒక కల్పిత రేవు ఊళ్ళో నడుస్తుంది. కల్పితమే కానీ, ఫిషింగ్ హార్బర్ చూసినవాళ్ళెవరికైనా పోలిక తెలిసిపోతుంది: తెల్లవారుజామున వేలంపాట, ఐసు దంచే చప్పుడు, జెట్టీ పొడుగునా బోట్లు, వెనక కొండ. మునిగిపోయిన ఒక బోటు సంగతి ఆరా తీయడానికి ఆటగాడు ఆ ఊరు వస్తాడు. ఎవరూ ఊరికే చెప్పరు. పని చేస్తూ, పరిచయాలు పెంచుకుంటూ కూపీ లాగాలి. కాబట్టి మనుషులు మనుషుల్లా అనిపించకపోతే ఆట మొత్తం పడిపోతుంది.

ఆటలో ఒక నిమిషం బయట ఒక సెకను. అంటే 24 నిమిషాలకు ఒక రోజు. ఊళ్ళో 40 ఎన్‌పీసీలు, అంటే ఆటగాడు కాక కంప్యూటరే నడిపే పాత్రలు. ఒక్కొక్కరికీ ఆకలి, నిద్ర, డబ్బు, సాంగత్యం అని నాలుగు అవసరాలు, ఒక్కోటీ 0 నుంచి 100 వరకు. ఏ అవసరం ఎక్కువ ఒత్తిడి చేస్తే ఆ పనికి వెళ్తారు. ప్రోగ్రామర్ శ్రద్ధగా రాసిన వ్యవస్థ. లోపలి లెక్కలు చూపే డీబగ్ స్క్రీన్‌లో చూస్తే నిజంగా ముచ్చటేస్తుంది.

ఎక్కడ తేడా వచ్చింది

ఆడి చూసినవాళ్ళంతా ఇంచుమించు ఒకే మాట అన్నారు: ఊరు బాగుంది, మనుషులే బొమ్మల్లా ఉన్నారు. గంట ఆడాక ఊళ్ళో ముగ్గురి గురించి చెప్పమంటే తడుముకున్నారు. ఎక్కువమందికి గుర్తున్నది జెట్టీ మీది కుక్క.

ఆ కుక్కకు ఉన్నవి మూడే నియమాలు. చేప చేతిలో ఉన్నవాడి వెంట పడుతుంది. గట్టిగా అరిస్తే పారిపోతుంది. వాన పడితే ఒడ్డున బోర్లించిన తెప్ప కిందికి దూరుతుంది. అవసరాల లెక్కలేవీ దానికి లేవు. టీమ్ దీన్ని నవ్వులాటగా తీసుకుంది గానీ, కేసు తాళంచెవి అక్కడే ఉంది. కుక్క చేసే ప్రతి పనికీ కారణం ఆటగాడి కళ్ళముందే కనిపిస్తుంది. చేప, అరుపు, వాన. మనుషులు చేసే పనులకు కారణాలు మాత్రం వాళ్ళ కడుపులో, అంటే ప్రోగ్రాం లోపల దాచిన అంకెల్లో (వేరియబుల్స్‌లో) ఉన్నాయి. వల బాగుచేసే ముసలాయన ఎందుకు లేచి వెళ్ళిపోయాడు? సాంగత్యం 71 దాటింది కాబట్టి. అది ఆయనకు, డీబగ్ స్క్రీన్‌కు మాత్రమే తెలుసు.

ఇంకో లెక్క కూడా చూడాలి. ఆటగాడు ఒక రోజులో జెట్టీ మీద ఉండేది మూడు నాలుగు నిమిషాలు. అందులో ఒక మనిషికి దగ్గరగా ఉండేది కొన్ని సెకన్లు. అంత తక్కువ చూపులో రోజంతా నడిచే అవసరాల లెక్క ఎవరికీ అందదు.

వాటికి తోడు మామూలు జబ్బులు. అందరి ఆకలీ ఒకే వేగంతో పెరగడంతో మధ్యాహ్నం నలభై మందీ ఒక్కసారే టీ కొట్టు ముందు వరస కట్టేవారు. రెండు అవసరాలు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు మనిషి ఇంటివైపు నాలుగడుగులు, కొట్టువైపు నాలుగడుగులు ఊగిసలాడేవాడు. పొద్దున్న 6 గంటలకు అందరూ ఒకేసారి దారి వెతకమని కంప్యూటర్‌ను అడిగేసరికి ఫ్రేము, అంటే తెరమీద పడే ఒక్కో బొమ్మ, తడబడేది. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేముకు ఉండేదే సుమారు 16 మిల్లీసెకన్లు. వీటికి మందు అందరికీ తెలిసిందే. ఒక్కొక్కరి అవసరాలు పెరిగే వేగంలో 20 శాతం అటూ ఇటూ తేడా పెట్టాలి. ఇప్పుడు చేస్తున్న పనికి 15 శాతం అదనపు మార్కులివ్వాలి. ఒక్కో ఫ్రేములో మూడు నాలుగు దారులకు మించి వెతకకూడదు. ఇవన్నీ చేశాక ఆట సాఫీగా నడిచింది. బొమ్మలు సాఫీగా నడిచే బొమ్మలయ్యాయి, అంతే.

ముందు చేసి చూసినవి

మొదటి ఆలోచన అందరికీ వచ్చేదే: మాటలు పెంచుదాం. ఒక్కొక్కరికీ 30 వాక్యాలు, మొత్తం 1,200. రాసినవాళ్ళ చేతులు పడిపోయాయి, ఫలితం లేదు. మాటలు ఎక్కువైనా ఎంపిక గుడ్డిగానే జరిగింది. పలకరింపుల పెట్టెలో 10 వాక్యాలుండి, ప్రతిసారీ పాచిక వేసినట్టు ఒకటి తీస్తే, నాలుగో పలకరింపుకే ఏదో ఒక వాక్యం రెండోసారి వినబడే అవకాశం దాదాపు సగం. దీనికైతే పేకముక్కల పద్ధతి చాలు. అన్నీ కలిపి, ఒక్కోటి తీస్తూ, అయిపోయాకే మళ్ళీ కలపాలి. అసలు ఇబ్బంది వేరే. ఆకాశం నల్లబడి గాలి ఊళవేస్తుంటే ఒకామె "ఈ రోజు ఎండ దంచేత్తంది" అంటుంది. అది విన్నాక ఆవిడ దగ్గర ఇంకెన్ని వాక్యాలున్నా వృథా.

రెండోది, భాషా మోడల్‌తో (చాట్‌బాట్ల వెనక ఉండే ఏఐతో) అప్పటికప్పుడు జవాబులు పుట్టించడం. ఆటకు ఒక ప్రయోగ కూర్పు (బిల్డ్) కట్టారు. జవాబు రావడానికి పట్టే సెకన్లు ఒక ఇబ్బంది. ఉత్తరాంధ్ర యాస రెండు వాక్యాల తర్వాత పుస్తకభాషలోకి జారిపోవడం ఇంకొకటి. వాటినైనా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది మరొకటి ఉంది: ఆటలో లేనివాటికి పాత్రలు హామీ ఇచ్చేస్తున్నాయి. "లైట్‌హౌస్ వెనక గుహలో అడుగు, చెప్తారు" అని ఒకాయన అన్నాడు. గుహే లేదు. ఆటగాడు అరగంట వెతికాడు. ఆరా తీసే ఆటలో ప్రతి మాటా ఆధారమే. నెరవేరని ఆధారం ఒక్కటి దొరికితే మిగతా మాటలన్నిటిమీదా నమ్మకం పోతుంది. అందుకే ఆ దారి వదిలేయడం సబబే. కబుర్లే ప్రధానమైన ఆటలో ఈ నిర్ణయం వేరేగా ఉండొచ్చు.

మలుపు: ఊరంతటికీ ఒకే సంగతి

కుక్కనుంచి తీసుకున్న పాఠాన్ని మనుషులకు అన్వయిస్తే ప్రశ్న ఇలా మారుతుంది: కారణం అందరికీ కనబడాలి, కానీ ఒక్కొక్కరినీ ఒక్కోలా తాకాలి. అలాంటి కారణం ఏముంది?

రేవు ఊళ్ళో దానికోసం వెతకనక్కర్లేదు. తుపాను హెచ్చరిక. ఓడరేవుల్లో ఎగరేసే హెచ్చరికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. 1 దూరపు హెచ్చరిక, 3 స్థానికంగా జాగ్రత్త, 8 నుంచి 10 వరకు పెను ప్రమాదం, 11 అంటే సమాచార సంబంధాలే తెగిపోయాయని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసిన ఊరికి ఈ నంబర్లు వివరించే పనిలేదు. ప్రోగ్రామర్ కంటితో చూస్తే ఇది ఒకే ఒక్క అంకె. దానిమీద ఊరంతా ఆధారపడుతుంది. జెట్టీ మీద ఎక్కడినుంచి చూసినా కనబడేలా కొండమీద స్తంభం పెట్టారు. ఆటలో 0, 1, 3, 10 అని నాలుగు స్థితులే తీసుకున్నారు. మధ్యలోవి పెడితే తేడా కనిపించదు, రాత పని మాత్రం పెరుగుతుంది.

నలభై మందిలో 12 మందిని ముఖ్యులుగా విడదీశారు. ఎంపికకు ఒకటే కొలత: హెచ్చరిక మారితే ఈ మనిషికి ఏం పోతుంది, ఏం వస్తుంది? జవాబు లేనివాళ్ళు జనంలో కలిసిపోయారు. 3 ఎగిరిందంటే బోటు యజమాని తాళ్ళు రెట్టింపు చేయిస్తాడు. వేలంపాట పాడే ఆమెకు సరుకు రాదు కాబట్టి ఎండుచేపల మూటలు విప్పుతుంది. ఐసు ఫ్యాక్టరీవాడికి నష్టం. టీ కొట్టతనికి పండగ, పనిలేనివాళ్ళందరూ అక్కడే చేరతారు. కళాసీ (బోటు కూలీ) భార్య కొండ దిగువ నిలబడి సముద్రంవైపు చూస్తుంది, ఎవరితోనూ మాట్లాడదు. ఈ చివరిది మాట లేకుండానే అన్నిటికంటే బాగా పనిచేసింది.

12 మందికి నాలుగు స్థితుల్లో మూడేసి వాక్యాలు, మొత్తం 144. అంతకుముందు రాసిన 1,200లో ఎనిమిదో వంతు కూడా కాదు. వాక్యం ఎంపికకు 2012 జీడీసీలో (ఆటలు తయారుచేసేవాళ్ళ సదస్సులో) వాల్వ్ అనే ఆటల కంపెనీకి చెందిన ఎలన్ రస్కిన్ వివరించిన పద్ధతినే చిన్నది చేసి వాడారు. ప్రతి వాక్యానికి కొన్ని షరతులుంటాయి. ప్రస్తుత పరిస్థితికి అన్ని షరతులూ సరిపోయిన వాక్యాల్లో, ఎక్కువ షరతులున్నది గెలుస్తుంది. "వక్త టీ కొట్టతను" అన్న ఒక్క షరతున్న వాక్యం మామూలు పలకరింపు. "వక్త టీ కొట్టతను, హెచ్చరిక 3, ఆటగాడికి బాకీ ఉంది" అని మూడు షరతులున్నది దాన్ని పక్కకు నెట్టేస్తుంది: "మూడో నంబరెగిరింది, నువ్వూ పద్దు పెంచీసినావు. ఇద్దర్లో ముందెవలు దిగుతారు తమ్ముడూ?" ఇలాంటి వాక్యం ఆటలో ఒకసారే వినబడినా చాలు, ఆ మనిషి గుర్తుండిపోతాడు. ఏ షరతూ కలవకపోతే మౌనం. అదీ ఒక జవాబే.

హద్దులు కూడా గట్టిగా పెట్టారు. ఒకే మనిషి దారిలో వదిలే మాటలకు కనీసం 20 సెకన్ల ఎడం. ఆ చోటు మొత్తంమీద ఎవరి మాటైనా సరే, రెంటి మధ్య 7 సెకన్లు. దారిన పోతుండగా వినబడేది ఏడు పదాలు దాటకూడదు.

మిగిలిన 28 మంది సంగతి తేలిక. వాళ్ళకు సొంత బుర్ర తీసేసి, వస్తువులకు బుర్ర పెట్టారు. 2000లో వచ్చిన ది సిమ్స్ అనే ఆట దీనికి పెద్ద ఉదాహరణ: ఏ వస్తువు దగ్గర ఏం చేయొచ్చో వస్తువే ప్రకటిస్తుంది. కుళాయి "ఇక్కడ ఇద్దరు నీళ్ళు పట్టుకోవచ్చు" అంటుంది, వల "ఇక్కడ ముగ్గురు కూర్చుని కుట్టొచ్చు" అంటుంది. హెచ్చరిక 3 అయితే ఐసు పెట్టె ప్రకటన ఆగిపోతుంది, తాళ్ళ గుంజ ప్రకటన మొదలవుతుంది. జనం తమంతట తామే మళ్ళుతారు.

కంటికి కనబడనివాళ్ళను నడిపించడం పూర్తిగా మానేశారు. ముఖ్యులకు రోజుకు ఐదారు గడుల టైంటేబుల్. ఆటగాడు ఆ చోటికి వచ్చినప్పుడు గడియారం చూసి వాళ్ళను అక్కడ పెడితే సరి. ఇందులో ఒక గోతి ఉంది. 5:40కి ఇంటినుంచి బయల్దేరిన మనిషి నడక 20 నిమిషాలనుకోండి. 5:50కి ఆటగాడు వస్తే అతను ఇంట్లోనూ ఉండకూడదు, జెట్టీ మీదా ఉండకూడదు. దారిలో సగం దూరంలో ఉండాలి. ఈ భిన్నం లెక్క కట్టకపోతే మనుషులు గాల్లోంచి ఊడిపడతారు.

పుకారు ఎలా పాకాలి

ఎక్కువ కాలం పట్టిన పని ఇదే. ఆటగాడు చేసింది ఊళ్ళో తెలియాలి. మొదటి పద్ధతిలో ఊరంతటికీ కలిపి ఒక మంచిపేరు అంకె ఉండేది. జెట్టీ ఈ చివర ఎవరి గంపలోంచో చేప ఎత్తేస్తే, ఆ మరుక్షణమే ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గరవాడు మొహం తిప్పుకునేవాడు. ఆడినవాళ్ళు దాన్ని బగ్ అనుకున్నారు. సరైన అనుమానమే.

రెండో పద్ధతిలో ప్రతి సంఘటనా ఒక చీటీ అయింది: ఎవరు, ఏం చేశారు, ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు. ఒక్కొక్కరూ 8 చీటీలే దాచుకోగలరు. తొమ్మిదోది వస్తే తక్కువ ముఖ్యమైనది పోతుంది. ఇద్దరు ఒకే చోట ఒకే గడిలో ఉంటేనే చీటీ చేతులు మారుతుంది. అలాంటి చోట్లు మూడే: టీ కొట్టు, కుళాయి, వేలంపాట. మారే అవకాశం 40 శాతం. కళ్ళారా చూసినవాడి దగ్గర చీటీ నమ్మకం 1.0, చేతులు మారినప్పుడల్లా 0.25 తగ్గుతుంది, 0.5 దగ్గర ఆగిపోతుంది.

ఆ అంకెకు తెలుగులో సిద్ధంగా గొంతు ఉంది. 1.0 అయితే "గంపలోంచి తీత్తన్నప్పుడు నేను సూసినాను." 0.75 అయితే చెప్పినవాళ్ళ పేరు వస్తుంది: "తీసీసినాడంట, ఏలంపాటమ్మ సెప్పింది." 0.5 అయితే పేరు ఊడిపోతుంది: "ఎవలో తీసీసినారంట." ఆటగాడు ఈ ముగ్గురినీ వరసగా కలిస్తే పుకారు ఎటునుంచి ఎటు వచ్చిందో తనే తవ్వుకోగలడు. మునిగిన బోటు కథను విప్పడానికి వాడాల్సిన నేర్పు అదే కాబట్టి, ఇది అలంకారం కాకుండా ఆటకు శిక్షణ కూడా అయింది.

ఇక్కడా ఒక దెబ్బ తగిలింది. సాయంత్రానికి చీటీ చాలామందికి చేరి, ఎదురైన ప్రతివాడూ చేప సంగతే ఎత్తడం మొదలెట్టాడు. అందుకని ఒక సంగతిని ఆటగాడి మొహంమీద అనేవాళ్ళు రోజుకు ముగ్గురే అని హద్దు పెట్టారు. మిగతావాళ్ళు తెలిసినా అనరు. ధర ఒక రూపాయి పెంచుతారు, లేదా పిలుపు మారుస్తారు.

పిలుపు, క్రియ, విభక్తి

పిలుపే ఈ ఆటకు స్నేహం మీటరు. తెరమీద గుండెకాయ బొమ్మలు, పచ్చ గీతలు తీసేశారు. కొత్తవాణ్ణి వేలంపాటమ్మ "బాబూ, మీరు" అంటుంది. రెండు మూడు సాయాలయ్యాక "నువ్వు" వస్తుంది. ఇంకా దగ్గరైతే "అల్లుడా". గొడవ జరిగితే? టీమ్ మొదట తిట్లు రాసింది. తర్వాత వాటిని కొట్టేసి, పిలుపును వెనక్కి లాగారు: నిన్నటిదాకా "ఏటి అల్లుడా" అన్న మనిషి పొద్దున్నే "రండి బాబుగారూ, మీకేటి గావాల?" అంటుంది. ఆడినవాళ్ళెవరికీ వివరించాల్సిన పని పడలేదు. ఆవిడకు కోపమొచ్చిందని ఒక్క వాక్యంతో పట్టేశారు.

దీనికి చాకిరీ ఉంది. "మీరు" వాక్యాన్ని కోడ్‌తో "నువ్వు" వాక్యంగా మార్చబోతే క్రియలు చెడిపోతాయి. ముఖ్యుల వాక్యాలు రెండు రూపాల్లోనూ చేత్తోనే రాయాలి. ఎదురుగా మాట్లాడేటప్పుడు ఆటగాడు మగో ఆడో క్రియకు పట్టదు, "వచ్చినావు" ఇద్దరికీ సరిపోతుంది. కానీ పుకార్లు మూడో మనిషి గురించి కాబట్టి "తీసీసినాడంట", "తీసీసిందంట" అని విడివిడిగా కావాలి.

ఖాళీలు పూరించే వాక్యాలతో మరో తంటా. "చోటు" పక్కన "కి" అతికిస్తే "జెట్టీకి" బాగానే వస్తుంది, "ఇల్లుకి" అని కూడా వస్తుంది. కాబట్టి ప్రతి నామవాచకానికీ పట్టికలో నాలుగు గడులుండాలి: ఇల్లు, ఇంటిని, ఇంటికి, ఇంట్లో. జెట్టీ విషయంలో నాలుగో గడి "జెట్టీ మీద" అవుతుంది, "జెట్టీలో" కాదు. ఆ గడిని చేత్తో నింపాలి తప్ప సూత్రం పెట్టకూడదు.

ఇంకొకటి, అక్షరాలు ఒక్కొక్కటే తెరమీద పడే టైప్ ఎఫెక్ట్. కోడ్‌పాయింట్ల లెక్కన, అంటే కంప్యూటర్ దాచుకునే విడి గుర్తుల లెక్కన విప్పితే "క్ష్మి" ఐదుసార్లు ఆకారం మార్చుకుంటూ గెంతుతుంది. పూర్తి అక్షరాన్ని యూనిట్‌గా తీసుకోవాలి. ఒత్తులు సరిగా కూర్చే టెక్స్ట్ ఇంజిన్ కూడా ముందే చూసుకోవాలి. ఆటలు తయారుచేసే గోడో సాఫ్ట్‌వేర్ 3వ వెర్షన్‌లో ఆ ఏర్పాటు లేదు, 4లో వచ్చింది.

ఆనవాళ్ళు

హెచ్చరిక వ్యవస్థ పూర్తయిన తర్వాతి పరీక్షలో కొందరు తేడా ఏమీ కనబడలేదన్నారు. రికార్డింగులు చూస్తే సంగతి తేలింది. 3 ఎగిరిన రాత్రి వాళ్ళు మంచమెక్కి పొద్దున్నకు దూకేశారు. అప్పటికి 0 అయిపోయింది. ఆటగాడు చూడని సంఘటన జరగనట్టే. సంఘటనను ఆపడం, నిద్రను అడ్డుకోవడం రెండూ చికాకే. అందుకని ప్రతి స్థితీ వెళ్ళాక ఒక రోజుపాటు గుర్తులు మిగిల్చేలా మార్చారు. ఒడ్డెక్కించిన తెప్పలు ఇంకా ఇసుకలోనే ఉంటాయి. తడి వలలు గోడలమీద ఆరుతుంటాయి. వేలంపాట దగ్గర నల్లబల్లమీద ధర కొట్టేసి కొత్తది రాసి ఉంటుంది. ఒక్కో గుర్తుకు ఒక బొమ్మ, ఒక షరతు చాలు. పాత్రకు కొత్త ప్రవర్తన రాయడంకంటే ఇది ఎంతో చవక. పైగా ఎవరినైనా "రాత్రి ఏమైంది?" అని అడగడానికి ఆటగాడికి కారణం దొరుకుతుంది.

వేట నిషేధం

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఏడాదిలో ఆరో వంతు. ఆటలో ఏడాది 48 రోజులు కాబట్టి నిషేధం 8 రోజులు. టీమ్‌లో కొందరు దీన్ని వద్దన్నారు. బోట్లు కదలని జెట్టీ చచ్చిపోయినట్టుంటుందన్నది వాళ్ళ భయం. అయితే అసలు హార్బర్‌లో ఆ రోజుల్లో పని ఆగదు, మారుతుంది. బోట్లు ఒడ్డెక్కుతాయి, రంగులు పడతాయి, ఇంజిన్లు విప్పుతారు, వలలు కుడతారు. మోటారు లేని సంప్రదాయ తెప్పలకు నిషేధం వర్తించదు. దాంతో బలాబలాలు తారుమారవుతాయి: మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని తెప్పాయన ఆ 8 రోజులూ వేలంపాటలో రాజు. బోటు యజమాని అప్పు అడుగుతాడు. కళాసీలకు తీరిక దొరుకుతుంది, నోరు విప్పుతారు. కథలో అతి ముఖ్యమైన రెండు ఆధారాలను టీమ్ ఈ 8 రోజుల్లోనే పెట్టింది. హెచ్చరిక అంకెకు తోడు "నిషేధం ఉందా లేదా" అన్నది ఊరంతటికీ వర్తించే రెండో అంకె అయింది. ఇంతకుమించి మూడోది చేర్చకూడదని గట్టి సలహా ఇచ్చాం. 12 మందిని నాలుగు స్థితులతో, మళ్ళీ రెండింటితో గుణిస్తే గడులు 96. మూడోది కూడా చేరితే, రెండే స్థితులున్నా 192 అవుతాయి. చిన్న టీమ్ వాటిని నింపలేదు. ఖాళీ గడుల్లో పాత మాటలే వచ్చి పడతాయి.

తర్వాతి పరీక్షలో మునుపటి ప్రశ్నే అడిగారు: ఊళ్ళో ముగ్గురి గురించి చెప్పండి. ఈసారి వేలంపాటమ్మ, తెప్పాయన, కొండ దిగువ నిలబడే ఆమె ఎక్కువగా వచ్చారు. పేర్లు చాలామందికి గుర్తులేవు. వాళ్ళకు ఏం కావాలో, దేనికి భయపడతారో చెప్పగలిగారు.

మిగిలినవి

పిల్లల పాత్రలు ఇప్పటికీ పేలవంగానే ఉన్నాయి. హెచ్చరికతో వాళ్ళకు పోయేదీ వచ్చేదీ ఏమీ లేకపోవడమే కారణం. బడి సెలవును 3కు ముడిపెట్టి చూడమన్నాం. రాత్రి 10 తర్వాత ఊళ్ళో చేయడానికి ఏమీ లేదు. దాన్ని నింపే బదులు ఆటగాణ్ణి త్వరగా పడుకోబెట్టడమే మేలని టీమ్ తేల్చుకుంది. పాత అవసరాల వ్యవస్థలో ఆకలి ఒక్కటే మిగిలింది, అదీ కుక్కకు పెట్టారు.